వాన లెక్క సరిపోయింది, పంట ఎందుకు పోయింది?

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఒక జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఇంకో జిల్లాలో అందులో సగం, అంటే సుమారు 550 మిల్లీమీటర్లే పడుతుంది. కరువు భయం ఏ జిల్లాకు?

"ఇందులో అడగడానికేముంది, రెండో జిల్లాకే!" అని మీరు ఈపాటికి అనేసి ఉంటారు. రెండో లెక్క అనంతపురానిది. అక్కడి కరువు సంగతి దేశమంతటికీ తెలుసు. మొదటిది మన విజయనగరం జిల్లాది. మరి గజపతినగరం చుట్టుపక్కల ఏ ఊరికైనా వెళ్ళి, అరుగుమీద కూర్చున్న తాతగారిని పలకరించండి. ఆకుమడిలోనే నారు ముదిరిపోయిన సంవత్సరాలు, వరి ఈనే వేళకు చెరువు నేల పగుళ్ళు చూపించిన సంవత్సరాలు ఆయన వేళ్ళమీద లెక్కపెట్టి చెబుతారు. అనంతపురానికి రెండింతలు వాన పడే చోట ఈ కథ ఎలా వచ్చింది? వానను కొలవడంలో తప్పు ఉందా, లేక కొలిచిన దాన్ని మనం చూసే తీరులోనే ఏదైనా లోపం ఉందా?

ముందుగా మిల్లీమీటరు వాన అంటే ఏమిటో చూద్దాం. నేల అద్దంలా చదునుగా ఉండి, పడిన చుక్క ఇంకకుండా, పారకుండా, ఆవిరికాకుండా ఉంటే నీరు ఎంత ఎత్తున నిలుస్తుందో అదే వర్షపాతం. మన పెద్దవాళ్ళు భూమిని సెంట్లలో చెబుతారు కదా! ఒక సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. దానిమీద ఒక మిల్లీమీటరు వాన పడితే 40 లీటర్లు పడినట్టు. ఎకరానికి నూరు సెంట్లు కాబట్టి 4,000 లీటర్లకు కొంచెం పైమాటే. ఆ లెక్కన 1,100 మి.మీ. వాన పడితే ఎకరా నేలమీద 44 లక్షల లీటర్ల నీరు కురిసినట్టు. వినడానికి చాలా ఎక్కువగానే ఉంది.

కాని పంట ఈ నీటిని ఏడాదికొకసారి లెక్కచూసుకుని తాగదు. ఏ రోజు దాహం ఆ రోజుదే. ఆకులమీద ఉండే సూక్ష్మ రంధ్రాల గుండా మొక్క నీటిని ఆవిరి రూపంలో వదులుతుంది. దీనిని బాష్పోత్సేకం అంటారని మీరు పాఠంలో చదువుకున్నారు. దీనికి తోడు నేల కూడా కొంత నీటిని ఆవిరిగా పోగొట్టుకుంటుంది. రెండూ కలిపి ఖరీఫ్ కాలంలో బాగా ఎదిగిన చేను రోజుకు సుమారు 5 మి.మీ. నీరు ఖర్చు చేస్తుందని లెక్క. మబ్బు పట్టిన రోజున తక్కువ, ఎండకాసి గాలి వీచిన రోజున ఎక్కువ. వారానికి 35 మి.మీ. అనుకుందాం.

వాన పడని రోజుల్లో మొక్క ఎలా బతుకుతుంది? నేలలో దాచుకున్న తేమతో. నేల ఒక పొదుపు ఖాతా లాంటిది. వాన పడితే జమ, ఎండ కాస్తే ఖర్చు. కాని ఈ ఖాతాలో ఒక చిత్రమైన నియమం ఉంది. ఒక హద్దు దాటి జమ చేస్తే ఆ పైది మన ఖాతాలో ఉండదు. గెడ్డలోకి పోతుంది, లేదా వేళ్ళకు అందనంత లోతుకు దిగిపోతుంది. మన గరువు భూముల్లోని ఎర్ర ఇసుక నేలలో పంట వేళ్ళు దిగినంత మేర ఈ హద్దు 50 మి.మీ. అనుకుందాం. నల్లరేగడి అయితే ఇంకా ఎక్కువ పడుతుంది.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. రెండు ఊళ్ళు ఉన్నాయనుకోండి. రెండూ ఊహించినవే, పేర్లు వెతకకండి. రెండింటిలోనూ ఒకే పంట, ఒకే నేల. రెండు చోట్లా ఖాతాలో మొదట 20 మి.మీ. నిలవ ఉంది. అయిదు వారాలలో రెండు చోట్లా పడిన మొత్తం వాన 200 మి.మీ. తేడా ఒక్కటే. మొదటి ఊళ్ళో వారానికి 40 మి.మీ. చొప్పున అయిదు వారాలూ పడింది. రెండో ఊళ్ళో మొదటి వారం 150 మి.మీ. కుండపోతగా కురిసి, తరవాత మూడు వారాలు చినుకు లేక, అయిదో వారం 50 మి.మీ. పడింది. లెక్క తేలికగా ఉండడానికి వాన వారం మొదట్లోనే పడిందనుకుందాం.

మొదటి ఊరు చూడండి. 20కి 40 కలిపితే 60. హద్దు 50 కాబట్టి 10 బయటికి పోయింది. మిగిలిన 50లో పంట 35 తాగింది. 15 నిలవ. రెండో వారం 15కి 40 కలిపితే 55. అందులో 5 పోయింది, 35 ఖర్చయింది, మళ్ళీ 15 నిలవ. ఇలాగే అయిదు వారాలూ నడుస్తుంది. పంట కోరిన 175 మి.మీ. పూర్తిగా అందింది. ఒక్క రోజు కూడా దాహం లేదు.

రెండో ఊరు. 20కి 150 కలిపితే 170. హద్దు 50 కాబట్టి ఏకంగా 120 మి.మీ. పొలం దాటిపోయింది. 35 ఖర్చు, 15 నిలవ. రెండో వారం వాన లేదు. ఆ 15 మూడు రోజులకే అయిపోయింది. మిగిలిన నాలుగు రోజులు, ఆ పైన రెండు వారాలు, మొత్తం 18 రోజులు ఖాతా ఖాళీ. అయిదో వారం 50 పడింది, 35 ఖర్చయింది, 15 నిలవ. పంటకు అందినదంతా కూడితే 85 మి.మీ. కావలసింది 175. సగం కూడా లేదు! (నిజానికి నేల ఆరుతున్నకొద్దీ మొక్క కూడా పొదుపు పాటిస్తుంది. రంధ్రాలు మూసుకుంటుంది, ఆకులు చుట్టుకుంటుంది. అయినా ఆకలి తీరదు.)

అయిదు వారాలు గడిచాక ఎవరైనా అధికారి వచ్చి రెండు ఊళ్ళ వర్షపాతం పట్టీలు చూస్తే రెండింటిలోనూ 200 అనే ఉంటుంది. నేలను తవ్వి చూసినా రెండు చోట్లా 15 మి.మీ. తేమే ఉంటుంది. చేలు మాత్రం ఒకేలా ఉండవు.

ఇది కాగితంమీది లెక్క మాత్రమే అనుకోకండి. 2023లో మన దేశంలో నైరుతి రుతుపవనాల నాలుగు నెలల్లో పడిన వాన దీర్ఘకాల సగటులో 94 శాతం. ఆరు శాతమే తక్కువ. ఆ సంఖ్య ఒక్కటే చూస్తే దిగులు పడవలసిందేమీ లేదు. అయితే ఆ జులైలో సగటుకంటే 13 శాతం ఎక్కువ, సెప్టెంబరులో మళ్ళీ 13 శాతం ఎక్కువ పడగా, మధ్యలో వచ్చిన ఆగస్టులో 36 శాతం తక్కువ పడింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత తక్కువ వాన పడిన ఆగస్టు ఇంకొకటి లేదు. మొత్తం లెక్క ఆగస్టును కప్పేసింది. అంతకుముందు 2002లో జులై ముఖం చాటేసింది. ఆ నెల దేశంమీద పడవలసిన దానిలో సగం కూడా పడలేదు. తరవాతి నెలల్లో కొంత పడినా ఉడుపుల అదను దాటిపోయింది. దేశంలో బియ్యం దిగుబడి అంతకుముందు ఏడాది 9 కోట్ల 33 లక్షల టన్నులుంటే, ఆ ఏడాది 7 కోట్ల 18 లక్షల టన్నులకు పడిపోయింది.

ఇక మన ప్రాంతపు వరి సంగతికి వద్దాం. మన రైతులు వానను నెలల్లో చెప్పరు, కార్తెల్లో చెబుతారు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రం ఉన్న దిక్కున కనిపించే కాలం ఒక కార్తె. ఏడాదిలో 27 కార్తెలు కాబట్టి ఒక్కొక్కటి 13, 14 రోజులు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర, 22 ప్రాంతంలో ఆరుద్ర, జులైలో పునర్వసు, పుష్యమి, ఆగస్టులో ఆశ్లేష, మఖ, ఆ తరవాత పుబ్బ, ఉత్తర, హస్త, చిత్త. నక్షత్రానికి వాన కురిపించే శక్తి ఏమీ లేదు. కాని పంట దశలను గుర్తుపెట్టుకోవడానికి రెండు వారాల కొలత నెలకంటే ఎంతో నయం. ఒక కార్తె మొత్తం ఎండితే ఎర్రనేల ఖాతా ఖాళీ అవుతుందని పైన మనం చేసిన లెక్కే చెబుతోంది కదా!

వానలో విరామం ఏ కార్తెలో వచ్చిందన్నదాన్నిబట్టి నష్టం మారుతుంది. మృగశిర, ఆరుద్రల్లో వాన పడితే ఆకుమడిలో విత్తనం పడుతుంది. నారు 25, 30 రోజులకు నాటడానికి సిద్ధం. అప్పటికి దమ్ము చేయడానికి మడిలో నీరు నిలవాలి. పుష్యమి, ఆశ్లేషల్లో వాన మొహం చాటేస్తే నారు ఆకుమడిలోనే ముదిరి కణుపులు తొడుగుతుంది. ముదురు నారు నాటితే పిలకలు తక్కువ వేస్తుంది. పిలకలు తగ్గితే కంకులు తగ్గుతాయి. తరవాత ఎంత మంచి వాన పడినా ఆ లోటు పూర్తిగా తీరదు. ఈ బాధ పడలేక మన జిల్లాలోనూ, శ్రీకాకుళంలోనూ ఎందరో రైతులు ఉభాలు మానేసి నేరుగా పొలంలో ఎదలు జల్లుతున్నారు. దీనికి మొదట్లో నీరు తక్కువ చాలు. కలుపు బెడద మాత్రం ఎక్కువ.

పిలకలు వేసే దశలో కొద్ది రోజులు నీరు తగ్గినా వరి ఓర్చుకుంటుంది. కాని పొట్ట దశ నుంచి పూత దాకా అసలు ఓర్చుకోదు. వరి పువ్వు విచ్చుకునేది పొద్దుటి పూట ఒక గంటా రెండు గంటలు మాత్రమే. ఆ కాస్త వ్యవధిలోనే పుప్పొడి రాలి పరాగ సంపర్కం జరగాలి. పుప్పొడి రేణువు ప్రాణం కొద్ది నిమిషాలే. ఆ రోజుల్లో నీరు అందకపోతే కంకి పొట్టలోంచి పూర్తిగా బయటికి రాదు, పుప్పొడి తిత్తులు పగలవు. బయటికి చేను పచ్చగానే ఉండవచ్చు. కోసి నూర్చాక చూస్తే గింజలన్నీ తాలు! మొక్కజొన్నకూ ఇలాంటి గండమే ఉంది. జల్లు వచ్చి పీచు కనిపించే పది పదిహేను రోజులు దానికి ప్రాణసంకటం. మన వైపు మొక్కజొన్న సాగు బాగా పెరిగింది కాబట్టి ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఒక దీర్ఘకాలిక రకం వరి లెక్క వేయండి. కోస్తాలో ఎందరో ఇష్టపడి వేసిన స్వర్ణ, అంటే ఎం.టి.యు.7029, సుమారు 150 రోజుల పంట. జూన్ మధ్యలో విత్తితే పూత అక్టోబరు మధ్యలో వస్తుంది. అంటే చిత్త కార్తెలో. సరిగ్గా అప్పుడే నైరుతి రుతుపవనాలు మన ప్రాంతం నుంచి తిరుగుముఖం పడతాయి. ఈశాన్య రుతుపవనాలు నెల్లూరు వైపు కురిసినట్టు ఇక్కడ కురవవు. మనకు అక్టోబరు వానలంటే ముఖ్యంగా బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాల దయ. అవి వస్తే గాలి కూడా తెస్తాయి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ గాలి ఎలాంటిదో మీ ఇళ్ళలో పెద్దవాళ్ళను అడగండి. 2021 సెప్టెంబరు 26 రాత్రి కళింగపట్నం దగ్గర తీరం తాకిన గులాబ్ తుపాను ఉత్తర కోస్తాను ముంచెత్తింది. ఇలాంటి ఒక్క తుపాను ఒకటి రెండు రోజుల్లో తెచ్చిన వాన ఏడాది మొత్తంలో కలిసిపోతుంది. అంతకు రెండు నెలల ముందు ఎండిపోయిన మడికి ఆ నీటితో పని లేదు. పట్టీలో మాత్రం "సాధారణ వర్షపాతం" అని పడుతుంది.

మన పూర్వులకు పట్టీలు లేవుగాని ఈ ఇబ్బంది బాగా తెలుసు. మన రెండో ఊరి లెక్కను ఇంకొకసారి చూడండి. మొదటి వారం పొలం దాటిపోయిన నీరు 120 మి.మీ. తరవాత మూడు వారాల్లో పంటకు తక్కువపడింది 20, 35, 35, కలిపి 90 మి.మీ. పోయిన నీరు తక్కువపడిన దానికంటే ఎక్కువ! ఆ 120ని దారిలో ఎక్కడైనా ఆపి ఉంటే? ఆ ఆపే ఏర్పాటే చెరువు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పటంలో చిన్న చిన్న చెరువులు వందల సంఖ్యలో కనిపించడానికి కారణం ఇదే. చెరువు వానను పెంచదు. ఒక వారం వానను ఇంకో వారానికి బదిలీ చేస్తుంది. అయితే చెరువులో పూడిక పేరుకున్నకొద్దీ, నీరు వచ్చే వాగులకు అడ్డుకట్టలు పడినకొద్దీ, మదుము పాడైనకొద్దీ బదిలీ చేయగల నీరు తగ్గుతుంది. అప్పుడు వాన తగ్గకపోయినా కరువు పెరుగుతుంది. గజపతినగరం పక్కనుంచి పారే చంపావతి కూడా అలాంటిదే. కొండల్లో పుట్టి, మెంటాడ మండలంలోని ఆండ్ర జలాశయం దాటి, కోనాడ దగ్గర సముద్రంలో కలిసే చిన్న నది. కొండల్లో వాన పడితే పొంగుతుంది, రెండు మూడు వారాలు ఆగితే ఇసుక తేలుతుంది. గోదావరిలా దూరదేశపు నీటిని మోసుకొచ్చే నది కాదు.

సరే, ఇంత చిక్కు ఉన్నప్పుడు ఒక మండలంలో కరువు ఉందో లేదో ఎలా తేలుస్తారు? ఇది పుస్తకాల్లో ఉండిపోయే విషయం కాదు. కరువు మండలంగా ప్రకటిస్తే విత్తనాలకూ ఎరువులకూ సాయం, అప్పుల వాయిదా వంటివి రైతుకు అందుతాయి. ప్రకటించకపోతే లేవు.

కరువును లెక్కకట్టే ప్రయత్నం మన దేశంలో పాతదే. 1866లో ఒరిస్సా, గంజాం ప్రాంతాలను, 1876–78లో మద్రాసు రాజధానిని క్షామాలు కుదిపేశాయి. 1864లో కలకత్తాను ధ్వంసం చేసిన తుపాను, ఆ తరవాత వానలు విఫలమైన సంవత్సరాలు చూశాక 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. ఆ రోజుల్లో పంటను కళ్ళతో చూసి అణాల్లో చెప్పేవారు. పూర్తి పంట పదహారణాలు, సగం పంట ఎనిమిదణాలు. "పదహారణాల తెలుగు" అని మనం ఇప్పటికీ అనే మాటలోనూ పదహారణాలంటే పూర్తి అనే అర్థమే. ఈ పద్ధతిలో చిక్కేమిటంటే పంట కోతకు వచ్చేదాకా ఆగాలి. అప్పటికి రైతు అప్పు చేసేసి ఉంటాడు.

అందుకే ఇప్పుడు వాన దగ్గరనుంచే మొదలుపెడతారు. పడిన వాన సగటుకు ఎంత దూరంలో ఉందో శాతంలో చూస్తారు. 19 శాతం అటూ ఇటూ అయితే సాధారణం. 20 నుంచి 59 శాతం దాకా తక్కువైతే లోటు. 60 దాటితే తీవ్రమైన లోటు. ఈ శాతం ఒక్కటే మోసం చేస్తుందని మనం ఇప్పటికే చూశాం కాబట్టి దాంతోపాటు పొడి విరామాన్ని కూడా లెక్కిస్తారు. రుతుపవనాలు ప్రవేశించాక వరుసగా మూడు నాలుగు వారాలు, ప్రతి వారమూ పడవలసిన దానిలో సగం కూడా పడకపోతే అది పొడి విరామం. కేంద్ర వ్యవసాయ శాఖ 2016లో సవరించిన కరువు నిర్వహణ పుస్తకం ఈ రెండింటినీ తప్పనిసరి చేసింది. మన రెండో ఊరు మొదటి పరీక్షలో తప్పించుకున్నా రెండో పరీక్షలో పట్టుబడుతుంది.

శాతానికి ఇంకో లోపం ఉంది. దానికి మీ మార్కులనే ఉదాహరణగా తీసుకుందాం. ఒక అమ్మాయికి లెక్కల్లో ఎప్పుడూ 78కీ 82కీ మధ్య వస్తాయి. ఒక అబ్బాయికి ఒకసారి 95, ఒకసారి 60 వస్తాయి. సగటు ఇద్దరికీ ఇంచుమించు ఒకటే. ఈసారి ఇద్దరికీ 68 వచ్చాయనుకోండి. అబ్బాయి సంగతి ఎప్పుడూ ఉండేదే. అమ్మాయికి ఏదో అయిందని మాస్టారు కంగారు పడతారు. వాన కూడా అంతే. కొన్ని చోట్ల ఏటేటా పెద్ద ఊగిసలాట మామూలు, కొన్ని చోట్ల కాదు. అందుచేత లోటును మిల్లీమీటర్లలో కాకుండా ఆ చోటికి మామూలుగా ఉండే ఊగిసలాటతో పోల్చి చెప్పే సూచికను 1993లో అమెరికాలోని కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో మెక్కీ, అతని సహచరులు తయారుచేశారు. దీన్ని ప్రామాణిక వర్షపాత సూచిక అనవచ్చు. సున్న అయితే మామూలు. −1 దాటితే ఓ మోస్తరు కరువు, −1.5 దాటితే తీవ్రం, −2 దాటితే అతి తీవ్రం. ప్రపంచ వాతావరణ సంస్థ అన్ని దేశాలనూ దీన్ని వాడమంది.

వాన పరీక్షలో కరువు సూచన కనబడితే రెండో మెట్టు. ఎన్ని ఎకరాల్లో విత్తారు, నేలలో తేమ ఎంత, చెరువుల్లో నీరెంత, చేలు ఎంత పచ్చగా ఉన్నాయి అని చూస్తారు. పచ్చదనాన్ని చూసేది ఉపగ్రహం. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్రటి కాంతిని పత్రహరితంతో పీల్చుకుంటుంది, కంటికి కనబడని పరారుణ కిరణాలను బాగా తిప్పికొడుతుంది. వాడిన ఆకులో ఈ తేడా తగ్గుతుంది. ఈ తేడాను కొలిచి పంట పరిస్థితి చెప్పే పని మన దేశంలో హైదరాబాదులోని జాతీయ దూరగ్రాహక సంస్థ 1989లో మొదలుపెట్టింది. వానాకాలంలో మబ్బులు అడ్డం వస్తాయన్నది దీనికున్న పెద్ద ఇబ్బంది. ఆఖరికి మనుషులు ఊళ్ళకు వెళ్ళి చేలను స్వయంగా చూడవలసిందే. అదే మూడో మెట్టు. గజపతినగరంలో కుండపోతగా కురిసిన సాయంత్రం బొండపల్లిలో దుమ్ము లేవవచ్చు. ఒక్క వర్షమాపకం మూతి మన అరచేతికంటే కాస్త పెద్దది. అది మండలమంతటి తరఫునా సాక్ష్యం చెప్పాలి!

ఇక చివరగా, తాతగారు తప్పకుండా అనే మాట: "మా రోజుల్లోలా ఇప్పుడు వానలు లేవర్రా!" ఇది నిజమా? మనిషి జ్ఞాపకం పెద్ద వానలనూ పెద్ద కరువులనూ దాచుకుంటుంది, మామూలు ఏళ్ళను వదిలేస్తుంది. అందుకని పట్టీలనే అడగాలి. దానికి మీరు కూడా చేయగల చక్కని పద్ధతి ఒకటి ఉంది. ఒక చోట ఆరేళ్ళ జూన్ వానలు వరుసగా 120, 90, 140, 80, 100, 70 మి.మీ. అనుకోండి (ఇవీ ఊహించినవే). చూడగానే తగ్గుతున్నట్టు ఉంది. ఇప్పుడు ప్రతి ఏడాదినీ దాని తరవాత వచ్చిన ప్రతి ఏడాదితోనూ జతకట్టండి. మొత్తం 15 జతలు. తరవాతి ఏడాది ఎక్కువైతే కూడిక గుర్తు, తక్కువైతే తీసివేత గుర్తు పెట్టండి. కూడికలు 4, తీసివేతలు 11 వస్తాయి. తేడా 7, తగ్గుదల వైపు.

దీన్నిబట్టి వాన తగ్గుతోందని ప్రకటించేయవచ్చా? ఆగండి. ఆ ఆరు అంకెలనూ ఆరు చీటీలమీద రాసి డబ్బాలో వేసి కలపండి. ఒక్కొక్కటే తీస్తే ఎన్ని వరుసలు రావచ్చు? 6×5×4×3×2×1, అంటే 720. వాటిలో తేడా 7గాని అంతకంటే ఎక్కువగాని, ఏదో ఒక వైపు, వచ్చే వరుసలు 196. నాలుగింట ఒక వంతుకు పైగా! అంటే గుడ్డిగా చీటీలు తీసినా ఇలాంటి "తగ్గుదల" గాని "పెరుగుదల" గాని తరచుగానే కనబడుతుంది. ఆరేళ్ళతో ఏమీ తేలదన్నమాట. ముప్పై, నలభై, నూరేళ్ళ లెక్కలతో చేస్తే అప్పుడు మాట నిలబడుతుంది. దీనిని మాన్ అనే ఆయన 1945లో ప్రతిపాదించాడు, కెండల్ అనే ఆయన బలపరిచాడు. ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్ల చొప్పున మారుతోందో తేల్చే పద్ధతిని 1968లో మన దేశంవాడే, కలకత్తాలో పుట్టిన ప్రణబ్ కుమార్ సేన్ వివరంగా స్థాపించాడు. ఆయన జతల వాలులన్నిటికీ సగటు తీయమనలేదు, మధ్యగతం తీయమన్నాడు. ఎందుకో మీరే ఆలోచించండి. గులాబ్ లాంటి తుపాను ఒక్కటి సగటును లాగేస్తుంది. మధ్యగతాన్ని అంత తేలిగ్గా లాగలేదు.

ఇలాంటి లెక్కలతో ఏం తేలింది? 1951 నుంచి 2000 దాకా మధ్య భారతంలో పడిన రోజువారీ వానలను పుణెలోని శాస్త్రజ్ఞులు, బి.ఎన్. గోస్వామి బృందం, 2006లో పరిశీలించారు. కాలం మొత్తం మీద పడిన వానలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. కాని రోజుకు 100 మి.మీ. దాటే కుండపోతలు పెరిగాయి, ఓ మోస్తరు వానలు తగ్గాయి. 2020లో భారత ప్రభుత్వపు భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ వెలువరించిన నివేదిక ప్రకారం 1981–2011 మధ్య వేసవి రుతుపవనాలలో పొడి విరామాలు, 1951–1980తో పోలిస్తే, 27 శాతం ఎక్కువగా వచ్చాయి. అంటే దేశం మొత్తం మీద చూస్తే మొదటి ఊరి వాన మెల్లగా రెండో ఊరి వానగా మారుతోంది. తాతగారి మాట అక్షరాలా నిజం కాకపోయినా ఆయన చేలో చూసింది అబద్ధం కాదు.

రైతు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. పూతను చిత్త కార్తె గండం నుంచి తప్పించడానికి 120 రోజుల్లో వచ్చే ఎం.టి.యు.1010 వంటి వరి రకాలు ఉన్నాయి. నీరు నిలవని గరువుల్లో వరికోసం పట్టుబట్టకుండా చోడి వేయవచ్చు. వరికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా నీరు కావాలంటే చోడికి మూడు నాలుగు వందలు చాలు. విజయనగరంలోని వ్యవసాయ పరిశోధన స్థానం చోడిమీద ఎంతో కాలంగా పనిచేస్తోంది. అక్కడ తయారైన వి.ఆర్.708 అనే రకం 80, 85 రోజుల్లో కోతకు వస్తుంది. దాని పేరు మన నది పేరే, చంపావతి! ఆలస్యంగా వానలు మొదలైన ఏడాది కూడా అది వానలు ఆగేలోగా గింజకట్టగలదు. అయితే చోడికి వరికొచ్చినంత ధర, కొనేవాళ్ళు దొరకాలి. అది వాతావరణ శాస్త్రం తేల్చే విషయం కాదు.

మీ బడిలో ఒక వర్షమాపకం పెట్టండి. నిట్టనిలువు గోడలున్న ప్లాస్టిక్ డబ్బా చాలు, మూతి అడుగు ఒకే వెడల్పు ఉండాలి. నేలకు అడుగు ఎత్తున, చెట్లకూ గోడలకూ వాటి ఎత్తుకు రెండింతల దూరంలో బిగించండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలుతో కొలిచి ఆ తేదీకి ఎదురుగా రాసి, డబ్బా ఖాళీ చేయండి. 2.5 మి.మీ.గాని అంతకంటే ఎక్కువగాని పడితే దాన్ని వాన రోజుగా లెక్కించండి. పక్కన ఇంకో గడి గీసి, పైన మనం చేసిన నేల ఖాతా లెక్క రోజుకు 5 చొప్పున నడపండి. ఖాతా ఖాళీ అయిన రోజుల్లో మీ ఊరి చేను దగ్గరికి వెళ్ళి మధ్యాహ్నం ఆకులు చుట్టుకున్నాయేమో చూసి అదీ రాయండి. వాన పడని రోజున సున్న వేయండి. కొలవడం కుదరని రోజున మాత్రం సున్న వేయకూడదు, అడ్డగీత పెట్టాలి.